ముందు వరస ముఖాలు

హవానా
11 ఫిబ్రవరి 1966

ప్రియమైన ఒబ్దూలియా అక్కకి,

నీ ఉత్తరం అంది మూడు నెలలైంది. ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడానికి పని ఒత్తిడి కారణం కాదు, సిగ్గు. నవంబరులో నన్ను సంగీత పాఠశాల నుంచి తీసి, సినిమా స్టూడియోలో కార్టూన్ల విభాగానికి పంపారు. నీ తమ్ముడు, నలభై ఏడేళ్లవాడు, వయొలిన్లకీ చెల్లోలకీ మూడు పెద్ద కృతులు రాసినవాడు, ఇప్పుడు ఒక కోడిపుంజుకి సంగీతం రాస్తున్నాడు.

కథ చెప్తాను, నవ్వకు. కోడిపుంజు ఒకరోజు లేవడం మర్చిపోయింది. కళ్లు తెరిచేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. నేను కూయకుండా తెల్లారడమేమిటని దానికి పౌరుషం వచ్చి, సూర్యుణ్ణి వెనక్కి పంపడానికి కొండ మీదికి పరిగెడుతుంది. ఆరు నిమిషాల బొమ్మ. మాటల్లేవు. ఆ ఆరు నిమిషాలూ సంగీతమే మాట్లాడాలి.

బొమ్మలు గీసి సినిమా తీసేది అనిసెటో. ఎప్పుడూ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వస్తాడు, చొక్కా జేబు నిండా సిరా మరకలు. నాకు చాపంత కాగితం ఇచ్చాడు. సెకనుకి ఇరవైనాలుగు బొమ్మలట. వాటన్నిటికీ అందులో గళ్లున్నాయి. కోడి కాలు ఎనిమిది బొమ్మలకోసారి నేల తాకుతుంది. నేను శ్రద్ధగా లెక్కగట్టి, కాలు తాకిన ప్రతిచోటా ఒక స్వరం పెట్టాను. తెర మీద బొమ్మ ఆడుతుంటే పియానో మీద వాయించి వినిపించాను.

అనిసెటో చేతులు కట్టుకుని విన్నాడు. "సెవెరీనో గారూ, మీ సంగీతం నా కోడి వెనకాల పోలీసోడిలా నడుస్తోందండీ. అది అడుగేస్తే మీరూ అడుగేస్తారు. పాపం దానికి ఊపిరాడట్లేదు" అన్నాడు. గదిలో బొమ్మలకి రంగులేసే ఆడపిల్లలంతా నవ్వారు.

ఇంటికొచ్చి పడుకున్నాక నువ్వు గుర్తొచ్చావు. మన ఊరి థియేటర్లో మూగ సినిమాలకి పియానో వాయించినప్పుడు నీకు పద్దెనిమిదేళ్లు నిండలేదు. స్వరాలు చదవడం నీకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. లెక్క ఎవరూ చెప్పలేదు. అయినా గుర్రాలు తరుముకుంటుంటే జనం బెంచీల మీంచి లేచి నిలబడేవాళ్లు. అది ఎలా వాయించేదానివి? గుర్తున్నంత రాయి. నికానోర్ బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
సెవెరీనో


గిబారా
3 మార్చి

సెవీకి,

నవ్వొద్దన్నావు కాబట్టి నేను నవ్వలేదు. మీ బావ నవ్వాడు. వలకి ముడి వేస్తూ, "ఆ కోడికి మీవాడి పోలికలే కదే. వాడూ పొద్దెక్కితే గానీ లేచేవాడు కాదు" అన్నాడు. చాలాసేపు అదే తలుచుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

గుర్రాల తరుములాట ఎలా వాయించేదాన్నో అడిగావు. చెప్తే నమ్ముతావో లేదో, ఆ గుర్రాల్ని నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. పియానో ఎక్కడుండేదో గుర్తుచేసుకో. తెర కిందే, గోడకి ఆనించి. తలెత్తితే ఏటవాలుగా ఓ పెద్ద ముక్కో, గుర్రం పొట్టో కనిపించేది. మొదటి వారమంతా మెడ పట్టేసింది. తర్వాత తెర వైపు చూడ్డం మానేసి, స్టూలు పక్కకి తిప్పుకుని జనం వైపు చూడ్డం మొదలుపెట్టాను. తెర మీది వెలుగు వాళ్ల మీద పడేది కదా, ముందు వరస ముఖాలు పట్టపగల్లా కనిపించేవి. చేపలమ్మే ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. వాళ్ల కళ్లు పెద్దవైతే చేతి వేగం పెంచేదాన్ని. నోళ్లు తెరుచుకుంటే ఆపేసేదాన్ని. బొమ్మలో ఏముందో వాళ్ల ముఖాలే నాకు చెప్పేవి.

ముందు వరసలో ఎడం చివర ఎవరు కూర్చునేవారో నీకు తెలుసు. నువ్వే. ఎనిమిదేళ్లవాడివి. ఏదీ దాచుకోలేని ముఖం. నేను ఎక్కువగా నిన్ను చూసే వాయించేదాన్ని.

ఇక పరుగు సంగతి. కాళ్లని వదిలెయ్. ఎడం చేత్తో కుట్టుమిషను నడుస్తున్నట్టు వాయించు. చిటికెన వేలు కింద, బొటనవేలు పైన, దుం చక దుం చక. కోడి ఆగినా అది ఆగకూడదు. కుడి చేయి మాత్రం ఎప్పుడూ అరడుగు వెనకబడి రావాలి. బస్సు వెనకాల పరిగెత్తేవాళ్లని చూడు, అలా. వినేవాళ్లకి "అందుకో, అందుకో" అనిపించాలి. ఒక్కో మలుపు తిరిగినప్పుడు ఒక్క మెట్టే పైకెక్కు, రెండెక్కకు. కొండ చివరికొచ్చాక ఆఖరి మెట్టు వాయించకుండా వదిలెయ్. అది వాళ్లే మనసులో వాయించుకుంటారు.

ఇదంతా రాసి చూసుకుంటే పిచ్చిరాతలా ఉంది. పనికొస్తే వాడుకో, లేకపోతే పొయ్యిలో వెయ్.

అక్క


హవానా
24 మార్చి

అక్కా,

పొయ్యిలో వేయలేదు. నాలుగు రోజులు పియానో దగ్గర నీ ఉత్తరం పెట్టుకుని కూర్చున్నాను. ఎడం చేయి ఆగకుండా నడపడం వచ్చింది గానీ, కుడి చేయిని అరడుగు వెనక్కి ఉంచడం నా వల్ల కాలేదు. ముప్పై ఏళ్లుగా సరిగ్గా తాళంలో పడాలని నేర్చుకున్న చేయి, కావాలని ఆలస్యంగా రమ్మంటే మొండికేసింది. ఐదో రోజు బస్సు స్టాపులో నిలబడి, పరిగెత్తుకొచ్చే వాళ్లని చూశాను. ఓ లావుపాటావిడ సంచీ ఊగిపోతుంటే పరిగెత్తి, బస్సు కడ్డీ పట్టుకోబోయి ఒక్క వేలెడు దూరంలో తప్పిపోయింది. ఆ వేలెడు దూరం అర్థమైంది. ఇంటికెళ్లి వాయించాను, వచ్చింది.

అనిసెటో విన్నాడు. కాలి చెప్పు ఒకటి తీసి చేత్తో పట్టుకుని బల్ల మీద తాళం వేశాడు. ఆయన మెచ్చుకోలు అదేనని బొమ్మల అమ్మాయిలు చెప్పారు.

ఇప్పుడింకో ఇబ్బంది వచ్చింది. కోడి కొండ మీంచి దొర్లి, ఒకావిడ బట్టలు ఉతుకుతున్న తొట్టిలో పడుతుంది. పడ్డచోట తాళాలూ డ్రమ్మూ కలిపి పెద్ద మోత పెట్టాను. ఒక్కళ్లూ నవ్వలేదు. పైగా వెనక కూర్చున్న కాపలాదారు ఉలిక్కిపడి లేచాడు. ఏం చెయ్యను?

ఆ తర్వాత, తొట్టిలోంచి తల బయటపెట్టి కోడి ఏడుస్తుంది. అక్కడ ఏం పెట్టాలో కూడా తోచడం లేదు. నేను రాసింది చావు ఇంట్లో వాయించేలా ఉందట.

మనిషొకడు మీ వైపు వస్తుంటే కాఫీ గింజలు పంపాను, అందాయా?

సెవెరీనో


గిబారా
15 ఏప్రిల్

సెవీకి,

కాఫీ అందింది. పక్కింటి వాళ్లకి వాసన మాత్రం పంచిపెట్టాం.

పడ్డచోట మోత ఎందుకు పెట్టావు? పడ్డం వాళ్లకి కనబడుతూనే ఉంది కదా. దొర్లుతున్నంతసేపూ వాయించు, తొట్టి అంచు దాకా వచ్చాక చేతులు ఒళ్లో పెట్టుకో. ఏమీ వాయించకు. కోడిని పడనివ్వు, నీళ్లు చిందనివ్వు. వాళ్లు నవ్వేదాకా ఆగు. నవ్వు మొదలై, ఎగిసి, తగ్గడం మొదలవుతుంది చూడు, అప్పుడు ఒక్క స్వరం, చిన్నది, పైనుంచి, వేలి కొసతో. మళ్లీ నవ్వుతారు. రెండో నవ్వు మొదటిదానికన్నా పెద్దది. మీ గదిలో జనం ఉండరు కాబట్టి ఎంతసేపాగాలో తెలీదంటావేమో. కడుపు నిండా ఊపిరి పీల్చి వదిలినంతసేపు.

ఏడుపుకి నా దగ్గరొకటుంది. ఓ సినిమాలో హీరోయిను రైలు తప్పిపోయి పెట్టె మీద కూర్చుని ఏడ్చేది. ఆ సినిమా తొమ్మిది రోజులాడింది. ఆ తొమ్మిది రోజుల్లో నేను అల్లుకున్న బాణీ అది. దానికి పేరు లేదు. మన దాన్సోన్ నాట్యానికి వాయించే తాళంలోనే ఉంటుంది గానీ, నాట్యం చేయడానికి జత దొరకని మనిషి ఒంటరిగా ఊగుతున్నట్టు ఉంటుంది. బల్ల మీద వాయించి చూసుకుంటూ రాస్తున్నాను. మధ్య సా నుంచి మొదలుపెట్టు. కుడి చేయి మూడో వేలు, రెండో వేలు, మళ్లీ మూడు, తర్వాత ఐదు పైకి. ఎడం చేయి ఉంగరం వేలు నొక్కి పట్టు, దాని మీదే చిటికెన వేలు రెండుసార్లు తట్టాలి, తలుపు కొట్టీ కొట్టనట్టు. మిగతాది వెనక పేజీలో ఉంది. నాలుగుసార్లు తప్పు రాసి కొట్టేశాను, ఐదోది చూడు.

పియానో ఉంటే తేలికయ్యేది. మాటల సినిమాలొచ్చిన ఏడాది, థియేటరు వాళ్లు దాన్నీ నన్నూ ఒకే రోజు బయటికి పంపారు కదా.

అక్క


హవానా
19 జూన్

అక్కా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. కోడిపుంజు బొమ్మ పూర్తయింది. స్టూడియోలో అందరికీ వేసి చూపించారు, బాగుందన్నారు. ఈపాటికి ఊళ్లకి పంపిస్తూ ఉంటారు.

నాకు ఇంకో బొమ్మ ఇచ్చారు. ఈసారి పన్నెండు నిమిషాలు. ఒక ముసలి గూడబాతు. గాలివానకి రెక్క విరిగి ఊరవతల కొండ మీద పడుతుంది. ఎగరలేక, ఊరి మధ్యలోంచి నడుచుకుంటూ సముద్రం దాకా వెళ్తుంది. కథంతా అంతే. అడుగుకి ముప్పై ఆరు బొమ్మలు. పరుగుకన్నా ఈ నడక కష్టంగా ఉంది. నీకేమైనా తోస్తే రాయి.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. ఇంతకన్నా రాయడానికేమీ లేదు.

సెవెరీనో


గిబారా
8 ఆగస్టు

సెవెరీనోకి,

మీ కోడిపుంజు మా ఊరొచ్చింది. నిన్న ఆదివారం పొద్దున పిల్లల ఆటకి వేశారు. మీ బావని లాక్కెళ్లాను. ఆయన సినిమాకి వచ్చి ఆరేళ్లయింది, చేపల వాసన పోవడానికి రెండుసార్లు స్నానం చేశాడు.

బెంచీలు పోయి కుర్చీలొచ్చాయి. మేం వెనక కూర్చున్నాం. పిల్లలు మొదట గోలగోలగా ఉన్నారు. పరుగు మొదలవగానే కాళ్లు ఊపడం మొదలుపెట్టారు, అందరూ ఒకేసారి. మలుపు మలుపుకీ కుర్చీ అంచుకి జరిగారు. తొట్టిలో పడ్డాక రెండుసార్లు నవ్వారు. ఏడ్చినప్పుడు మా ముందు కూర్చున్న చిన్నపిల్ల వాళ్లమ్మ రుమాలుతో తన కళ్లు తుడుచుకోకుండా, గాల్లోకి చేయి చాపి కోడి కళ్లు తుడిచింది.

మొదట్లో వేసే పేర్లు చదవలేకపోయాను. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను.

గూడబాతు నడక గురించి నాకేమీ తోచలేదు. ఈ మధ్య వలలపని ఎక్కువగా ఉంది, బడి యూనిఫారాలు కూడా కుట్టాలి.

ఒబ్దూలియా


హవానా
21 ఆగస్టు

అక్కా,

నువ్వు నన్ను సెవెరీనో అని రాసి ఎన్నేళ్లయిందో. కింద ఒబ్దూలియా అని సంతకం పెట్టావు. అక్కడే తెలిసిపోయింది.

నీకు కళ్లజోడు ఉందో లేదో నాకు తెలియదు. అమ్మ పోయినప్పుడు వచ్చి వెళ్లాక పదకొండేళ్లుగా నిన్ను చూడలేదు. అయినా ఆ పేరు నువ్వు చదివావని తెలుసు. "సంగీతం: సెవెరీనో సారియోల్" అని పెద్ద అక్షరాలతో, కొక్కొరొకో అన్నట్టు, అనిసెటోనే చేత్తో రాశాడు.

జరిగింది రాస్తాను. జూన్‌లో అందరికీ చూపించిన రోజున ఏడుపు బాణీ అయిపోగానే, పైనుంచి వచ్చిన ఒకాయన వెనక్కి తిరిగి, "ఇదెక్కడిదండీ? ఎప్పుడో విన్నట్టూ ఉంది, ఎక్కడా విననట్టూ ఉంది" అని అడిగాడు. మా అక్కది అనడానికి ఒక్క మాట చాలు. నేను "ఏదో, తోచిందండి" అన్నాను. అంతే. ఆయన చేయి కలిపాడు. అనిసెటో నా భుజం మీద చేయి వేశాడు. ముప్పై ఏళ్లు నేను రాసిన కృతులకి జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు అక్కా. నా కోసం ఒక్కళ్లూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రోజు తిరిగి చూశారు. వాళ్ల ముఖాలు చూస్తూ నోరు విప్పలేకపోయాను.

ఆ తర్వాత నీకు ఉత్తరం రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఎండల గురించి రాశాను.

నువ్వు తిట్టినా పడతాను. తిట్టకుండా కోడి గురించి, చిన్నపిల్ల గురించి రాశావు చూడు, అది మాత్రం మోయలేకపోతున్నాను.

సెవీ


గిబారా
10 సెప్టెంబరు

సెవీకి,

కళ్లజోడు లేదు. అబద్ధమే చెప్పాను.

తిట్టమన్నావు, తిడుతున్నాను. నీ పేరు చూడగానే నాకు కోపం రాలేదు. తమ్ముడి పేరు తెర మీద పడిందని పక్కావిడని మోచేత్తో పొడిచాను కూడా. కోపం ఎప్పుడొచ్చిందో తెలుసా? కోడి తొట్టిలో పడ్డాక. నేను ఆగమన్నచోట ఆగావు. ఎంతసేపన్నానో అంతసేపూ ఆగావు. పైనుంచి ఒక్క స్వరం, వేలి కొసతో. ఎడం చేతి తట్టు కూడా తలుపు కొట్టీ కొట్టనట్టే ఉంది. నేను రాసిన ప్రతి అక్షరం చదివి, ఒక్కటీ నేల మీద పడకుండా పట్టుకున్నావు. అంత శ్రద్ధగా తీసుకున్నవాడివి, తీసుకున్నానని నాకు ఒక్క ముక్క రాయడానికి చేయి రాలేదా? అడిగితే లేదనేదాన్నా? నీకు నేను ఏం లేదన్నాను ఎప్పుడైనా?

మూడు రోజులు మీ బావతో కూడా మాట్లాడలేదు. పాపం ఆయన ఏం చేశాడు. "నీకు కోపం మీ తమ్ముడి మీదైతే నా పులుసులో ఉప్పెందుకెయ్యవే" అన్నాడు. నవ్వొచ్చేసింది. నవ్వాక కోపం నిలబెట్టుకోవడం చాలా కష్టం.

తిట్టడం అయిపోయింది. ఇప్పుడు నేను దాచింది చెప్పాలి. చెప్పకపోతే నిన్ను అన్నందుకు అర్థముండదు.

ఎనిమిదేళ్ల కిందట, తుఫాను వస్తోందని పడవని గట్టు మీదికి లాగుతున్నాం. నలుగురం తాడు పట్టుకున్నాం. అల తగిలి పడవ వెనక్కి గుంజింది. తాడు నా ఎడం చేతికి చుట్టుకుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు పోయాయి. మొదటి ఏడాది నీకు రాయలేకపోయాను. తర్వాత, ఇన్నాళ్లూ చెప్పనిది ఇప్పుడెలా చెప్తానని మానేశాను. నువ్వు రాకపోవడం కూడా ఒకవిధంగా మంచిదైందనుకున్నాను, చేయి దాచుకునే పని తప్పింది.

నీకు రాసిన ఎడం చేతి వేళ్లు రెండూ లేనివే. కానీ బల్ల మీద చేయి పెట్టి కళ్లు మూసుకుంటే అవి కదులుతాయి సెవీ. మిగతావాటికన్నా చక్కగా కదులుతాయి. నువ్వు ఫిబ్రవరిలో అడిగేదాకా నాకే తెలియదు. వలలు అల్లడానికి మూడు వేళ్లు చాలు కాబట్టి ఆ రెండింటినీ ఎప్పుడూ పిలవలేదు. నీ కోడి కోసం పిలిస్తే వచ్చాయి. ఆ వారమంతా నేను ఎంత సంతోషంగా ఉన్నానో నీకు రాయలేదు. అందుకే తెర మీద నీ పేరొక్కటే ఉందని ఆ తొట్టి దగ్గర తట్టినప్పుడు, అవి మళ్లీ తెగినట్టయింది.

ఇంక దీని గురించి రాయను. నువ్వూ రాయకు.

అక్క


హవానా
2 అక్టోబరు

అక్కా,

రాయొద్దన్నావు, రాయను. చేసింది మాత్రం చెప్తాను.

నీ ఉత్తరం అందిన రోజు మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు లేచి నిలబడ్డాను. చేతిలో పళ్లెం ఉందని కూడా మర్చిపోయాను. కోడిపుంజు సంగీతం మా అక్కదని, నేను చేసింది రాతపని మాత్రమేనని చెప్పాను. చిక్కుడుగింజల పులుసు చొక్కా మీద ఒలికింది. బసూన్ ఊదే ఫెర్మీన్ తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. నాకు గూడబాతు బొమ్మ పోయిందనే అనుకున్నాను. పోవాలి కూడా.

అనిసెటో చెంచా కింద పెట్టాడు. "ఇది చెప్పడానికి నాలుగు నెలలు పట్టిందా మీకు?" అన్నాడు. పట్టిందన్నాను. "గూడబాతు నడకకి మీరు రాసింది ఎందుకు నడవట్లేదో ఇప్పుడు తెలిసింది. ఆవిడెక్కడ?" అన్నాడు. గిబారాలో అన్నాను. "ఐతే ఇక్కడ కూర్చుని పులుసు ఒలకబోసుకుంటారేం, పిలవండి" అన్నాడు.

నవంబరు ఆఖరి వారంలో రికార్డింగు. తొమ్మిదిమంది వాయిద్యగాళ్లు. రానూ పోనూ రైలు ఖర్చు స్టూడియో చూసుకుంటుంది. మా ఇంట్లో ఉందువుగాని. అనిసెటో మీద కోపం లేదు కదా, ఆయన కోసమన్నా రా. నా కోసం అడగడానికి నాకింకా ధైర్యం లేదు.

సెవీ


గిబారా
20 అక్టోబరు

సెవీకి,

రానని రాయడానికే కూర్చున్నాను. చదువుకున్న తొమ్మిదిమంది మధ్య, స్వరం చదవడం రాని దాన్ని, చేతికి మూడు వేళ్లున్నదాన్ని, ఏమని నిలబడతాను? "రాలేను, క్షమించమని మీ అనిసెటోకి చెప్పు" దాకా రాశాను.

మీ బావ భుజం మీంచి తొంగిచూశాడు. ఆయన చదవడం నీకు తెలుసు కదా, ఒక్కో మాటా పెదాలతో. "రానంటున్నావా?" అన్నాడు.

"ఏం చేయనక్కడికెళ్లి" అన్నాను.

"ఆ గూడబాతు ఎలా నడుస్తాదో ఆళ్లకేం తెలుసే? హవానావోళ్లు గూడబాతుని గాల్లో చూసుంటారు, నేల మీద చూశారా? మన రేవులో రోజూ చూస్తన్నావు." బల్ల మీద వేలితో తట్టి అన్నాడు, "పొద్దుటి నుంచీ బల్ల మీద వాయిస్తానే ఉన్నావు. నాకు చెవుడొచ్చిందనుకున్నావా?"

కాగితం లాక్కుని చింపేశాడు. ఇది రెండో కాగితం.

నవంబరు ఇరవై మూడో తారీఖు రైలుకి వస్తాను. నాకు మూడు షరతులున్నాయి. ఎవరూ నా చేతికేసి జాలిగా చూడకూడదు, చూడాలనుకుంటే ఒకసారి తిన్నగా చూసేసి ఊరుకోవాలి. నాకు స్వరాలు రావని మాటిమాటికీ చెప్పకూడదు. మూడోది, నువ్వు స్టేషనుకి పెందరాళే రావాలి. ఈసారి పొద్దెక్కాక లేస్తే కుదరదు.

అక్క


హవానా
15 డిసెంబరు

అక్కా,

నువ్వు వెళ్లి పదిరోజులైంది. ఇల్లు ఖాళీగా ఉంది. నువ్వు వదిలేసిన ఎండుచేపల వాసనని కూడా కిటికీలు తెరిచి పోగొట్టబుద్ధి కావడం లేదు.

నువ్వు చూడనివి కొన్ని చెప్తాను. మొదటిరోజు నువ్వు గదిలోకి రాగానే కుర్చీని తెర వైపు వీపు పెట్టి తిప్పుకున్నావు చూడు, అద్దం వెనక ఉన్న సౌండు ఇంజినీరు "ఆవిడకి తెర అటుందని చెప్పండయ్యా" అన్నాడు. అనిసెటో వాడి చేయి పట్టుకుని ఆపాడు. నువ్వు వాయిద్యగాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూస్తూ, గొంతుతో పాడుతూ, నడవాల్సిన చోట ఇలా నడవండి అని లేచి నడిచి చూపించావు. పొట్ట ముందుకి, మెడ వెనక్కి, ఒక్కో అడుగుకీ తూలి నిలదొక్కుకుంటూ. ఫెర్మీన్ ఇరవై ఏళ్లుగా బసూన్ ఊదుతున్నాడు. ఆ రోజు ఊదడం మర్చిపోయి నీకేసి చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం నాతో, "నీకు తెలిసే దాచావా, తెలీక దాచావా?" అన్నాడు.

రేవు దగ్గరి ఆఖరి ఘట్టంలో పియానో ఒక్కటే ఉండాలన్నావు. నువ్వు కుడి చేయి మెట్ల మీద పెట్టి, నావైపు చూడకుండానే బెంచీ మీద ఎడం పక్కకి చోటిచ్చావు. నా ఎడం చేత్తో నీ ఎడం చేతి పని చేయడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. నువ్వు విసుక్కోలేదు. "నొక్కకు, ఆనించు" అన్నావు. "ఇంకా తేలిగ్గా. అది పక్షి, బియ్యం బస్తా కాదు" అన్నావు. గూడబాతు నీళ్లలోకి దిగి తేలినప్పుడు, నా చేయి నాకు తెలియకుండానే నీతో పాటు ఆలస్యంగా వచ్చింది. మనిద్దరి భుజాలూ ఆనుకున్నాయి. వాయించడం అయిపోయాక నువ్వు లేవలేదు, నేనూ లేవలేదు. అద్దం వెనక ఎవరూ రికార్డింగు ఎర్రదీపం ఆర్పలేదు. ఆ టేపునే ఉంచారు.

నీ పేరు వద్దన్నావు. ఆ ఒక్క విషయంలో నీ మాట వినలేదు. అనిసెటో నిన్న కాగితం మీద రాశాడు: "సంగీతం: ఒబ్దూలియా సారియోల్". దాని కింద చిన్నగా "రాత: సెవెరీనో". ఇంటిపేరు రెండుసార్లెందుకని నాది నేనే కొట్టేశాను.

వేసవిలో వస్తాను. ఉత్తరంలో కాదు, మనిషిని.

సెవీ


గిబారా
23 ఏప్రిల్ 1967, ఆదివారం

సెవీకి,

ఇవాళ పొద్దున గూడబాతుని వేశారు. చెప్పి ఉంటే ఊరంతా పోగయ్యేదని ఎవరికీ చెప్పలేదు. మీ బావకి మాత్రం చెప్పాను, ఆయన ఊరంతా చెప్పాడు. రొట్టెల క్యూలో ఉన్నవాళ్లు కూడా చోటు పట్టమని చెప్పి వచ్చేశారు.

నా పేరు పడ్డప్పుడు నేను తల వంచుకున్నాను. చుట్టూ అరుపులు. మీ బావ పెదాలు కదిలిస్తూ మొత్తం చదివేసరికి అది వెళ్లిపోయింది. ఆయన లేచి నిలబడి, ఆపరేటరు గదికేసి తిరిగి, "ఒరే, నేనింకా చదవలేదురా, మళ్లీ వెయ్" అన్నాడు. పిల్లలు గోల పెట్టారు. ఆ అబ్బాయి నిజంగానే మళ్లీ వేశాడు.

సినిమా గురించి నీకు చెప్పేదేముంది. ఒక్కటి చెప్తాను. రేవు దగ్గర, నీళ్లలోకి దిగేటప్పుడు ఎవరూ నవ్వలేదు, ఏడవలేదు. హాల్లో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆ శబ్దం విన్నాను.

బయటికొచ్చాక మెట్ల మీద పిల్లలు చుట్టుముట్టారు. పళ్లూడిన ఓ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని, "ఆ పేరు మీది కాదు. సినిమాల్లో పేర్లుండేవాళ్లు హవానాలో ఉంటారు" అంది.

"నాదే" అన్నాను.

"ఐతే వాయించండి."

"పియానో లేదమ్మా."

"ఐతే మీరు కాదు" అని వెళ్లిపోబోయింది.

ఏం చెయ్యమంటావు. టిక్కెట్లమ్మే చెక్క బల్ల ఖాళీగా ఉంది. దాని ముందు నిలబడి రెండు చేతులూ పెట్టాను. సంచీ మీ బావకిచ్చాను. కుడి చేత్తో తడుతూ, గొంతుతో పాడుతూ గూడబాతు నడక మొదలుపెట్టాను. ఆ పిల్ల ఆగింది. వెనక్కొచ్చింది. నా ఎడం చేతికేసి తిన్నగా ఒకసారి చూసింది, ఊరుకుంది. తర్వాత పొట్ట ముందుకి పెట్టి నడవడం మొదలుపెట్టింది. దాని వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. పార్కు చుట్టూ ముప్పైమంది గూడబాతులు. "కోడి, కోడి" అని అరిచారు. కోడి పరుగు వాయించాను. పరిగెత్తారు. మళ్లీ నడక అన్నారు. మళ్లీ కోడి. నాకు గుర్తున్న గుర్రాలు, దొంగలు, గాలివానలు, పెళ్లి ఊరేగింపులు, పేర్లు మర్చిపోయిన సినిమాలన్నీ వాయించాను. చర్చిగంట మోగింది, మళ్లీ మోగింది. పిల్లల తల్లులు వచ్చి లాక్కెళ్తే గానీ వదల్లేదు.

ఇంటికొచ్చేసరికి భుజం నుంచి మణికట్టు దాకా ఒకటే తీపులు. వేళ్లు వాచాయి. గొంతు పోయింది. ఇలాంటి అలసట మళ్లీ వస్తుందనుకోలేదు సెవీ. ఆదివారం మూడాటలూ వాయించి ఇంటికొచ్చాక, చెప్పులు కూడా విప్పకుండా పక్క మీద పడేదాన్ని చూడు, అచ్చం అదే. ముప్పై ఏడేళ్లు వలలల్లి, బట్టలు కుట్టి, పడవలు లాగి ఎన్నో రకాలుగా అలిసిపోయాను గానీ, అది వేరు, ఇది వేరు. భోజనం వద్దని చెప్పి పడుకున్నాను. మీ బావ కిటికీ మూసి, ఈగలు వాలకుండా దుప్పటి కప్పి, తలుపు దగ్గరే కూర్చున్నాడట, ఎవరొచ్చినా "నిద్రపోతోంది, పనిచేసి వచ్చింది" అని పంపించేస్తూ.

సాయంత్రం ఐదింటికి లేచి ఇది రాస్తున్నాను. చేయి ఇంకా లాగుతోంది. అక్షరాలు వంకరపోయాయి, సర్దుకుని చదువుకో.

అక్క